తెల్లవారుజాము మూడు గంటల కరెంటు

(ఇంధన పొదుపు వారోత్సవాల్లో భాగంగా ముత్తుకూరు మండలంలో జరిగిన రొయ్యల రైతుల సమావేశంలో ఒక విశ్రాంత విద్యుత్ ఇంజినీరు చేసిన ప్రసంగం)

అధ్యక్షులవారికి, వేదిక మీదున్న పెద్దలకు, ముందు వరసలో కూర్చున్న మత్స్య కళాశాల విద్యార్థులకు, కుర్చీలు ఖాళీగా ఉన్నా వెనకే నిలబడతామని పట్టుబట్టిన నా పాత లైన్‌మన్ తమ్ముళ్ళకు నమస్కారం. శాలువాల సంగతి చివర్లో చూసుకుందాం. పొద్దు వాలితే మీ మనసులు రొయ్యల గుంటల దగ్గరికి పోతాయని నాకు తెలుసు.

ఫ్లెక్సీ మీద ‘స్వచ్ఛ ఇంధనం - సుస్థిర భవిష్యత్తు’ అని రాశారు. ఇరవై నిమిషాలు ఇచ్చారు. నేను తెచ్చుకున్న కాగితాల్లో గ్లాస్గో వాతావరణ సదస్సు ఉంది, 2070 నాటికి ఉద్గారాలను నికరంగా సున్నాకు తెచ్చే నెట్ జీరో ఉంది, అన్నీ ఉన్నాయి. వీలుంటే చెప్తాను. ముందు తెల్లవారుజాము మూడు గంటల సంగతి తేలాలి. ఆ వేళకు కరెంటు పోతే గుంటలో రొయ్యకు ఊపిరాడదు.

ఈ షామియానా బయటికి పోయి నిలబడితే పొగగొట్టాలు కనిపిస్తాయి. నేలటూరులో దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం, మూడు యూనిట్లు, ఒక్కొక్కటి 800 మెగావాట్లు. పైనంపురం వైపు ఒకటి, అనంతవరం వైపు ఒకటి, రెండూ 1,320 చొప్పున. చిల్లకూరు మండలం తమ్మినపట్నంలో ఇంకో రెండు, 1,000 ఒకటి, 600 ఒకటి. కూడుకోండి, ఆరున్నర వేలు దాటుతుంది. వీటిలో ఒకదాన్నుంచి 250 మెగావాట్లు బంగ్లాదేశ్‌కు అమ్మే ఒప్పందం ఉంది. అమ్ముకోనీండి, తప్పేం లేదు. కానీ బంగ్లాదేశ్ దాకా పోయే కరెంటు పక్కనున్న గుంటకు రాత్రి మూడింటికి ఎందుకు రాదని నన్ను బజార్లో నిలేసి అడుగుతారు. రిటైరయ్యాక కూడా వదల్లేదు.

కృష్ణపట్నం అనగానే బొగ్గు. ఆ బొగ్గు ఒడిశా నుంచీ వస్తుంది, ఓడల మీద ఇండోనేషియా నుంచీ వస్తుంది. ఇక్కడే 4,000 మెగావాట్ల అల్ట్రా మెగా ప్రాజెక్టుకు 2007లో ఒక పెద్ద కంపెనీ యూనిట్ 2 రూపాయల 33 పైసలకు వేలంలో గెలిచింది. అప్పట్లో అందరం ఆహా అనుకున్నాం. 2010లో ఇండోనేషియా ప్రభుత్వం తమ బొగ్గును అంతర్జాతీయ ధర కంటే తక్కువకు అమ్మకూడదని నిబంధన పెట్టింది. లెక్క తలకిందులైంది. ప్రాజెక్టు లేవనే లేదు. జకార్తాలో సంతకం పెడితే కృష్ణపట్నంలో పని ఆగిపోయింది. ఎండకూ గాలికీ ఆ బాధ లేదు, వాటికి ఓడలు అక్కర్లేదు. అందుకే నేను సోలార్ వైపే. 2010 ప్రాంతంలో సోలార్ యూనిట్ పది రూపాయల పైమాటే. 2020 డిసెంబరులో గుజరాత్ వేలంలో 1 రూపాయి 99 పైసలకు వచ్చింది. సోలార్ చవకా కాదా అన్న వాదన అయిపోయింది. చవకే. ఏ గంటకు చవక? అదీ అడగాల్సింది.

2008 నుంచి కరెంటును కొని అమ్మడానికి కూడా ఎక్స్చేంజ్ ఉంది. అక్కడ రోజును పదిహేను నిమిషాల ముక్కలుగా కోస్తారు, 96 ముక్కలు. ఒక్కో ముక్కకు ఒక్కో ధర. ఎండ బాగా కాసే రోజు మధ్యాహ్నం యూనిట్ రెండు రూపాయలకు, కొన్నిసార్లు అంతకన్నా కిందికి దిగుతుంది. వేసవిలో అదే రోజు సాయంత్రం ఏడింటికి పది రూపాయలు. 2022 మార్చిలో 20 రూపాయల దాకా పోయాక కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ పగ్గం వేసింది, ముందు 12 అన్నది, తర్వాత 10 అన్నది. ఎండ వేడికి ఏసీలు ఆగని ఏప్రిల్, మే రాత్రుల్లో అర్ధరాత్రి దాటాక కూడా ధర దిగదు.

మరి మధ్యాహ్నం థర్మల్ కేంద్రాలు ఆపేయొచ్చు కదా అంటారు. బాయిలర్ స్విచ్ వేస్తే వెలిగేది, తీస్తే ఆరేది కాదు. సామర్థ్యంలో 55 శాతం కిందికి దించడం కష్టం. పైగా ఒప్పందాల్లో రెండు రకాల ఛార్జీలుంటాయి. తీసుకున్న యూనిట్‌కు ఇంధన ఖర్చు వేరు, థర్మల్ కేంద్రం సిద్ధంగా ఉన్నందుకు కట్టే ఫిక్స్‌డ్ ఛార్జి వేరు. కల్యాణ మండపం మాట్లాడుకున్నాక పెళ్ళి వాయిదా పడినా అద్దె కట్టాల్సిందే. మన బిల్లులో ఆ అద్దె కూడా ఉంది.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. ఒకప్పుడు రాత్రి కరెంటు మిగిలేది. అందుకే మెట్ట రైతులకు రాత్రిపూట ఇచ్చేవాళ్ళం. పొదిలి, కనిగిరి వైపు బోర్ల దగ్గరికి టార్చిలైటు పట్టుకుని పోయి, చీకట్లో స్టార్టర్ నొక్కబోయి షాక్ కొట్టి పోయినవాళ్ళున్నారు, పాము కాటుకు పోయినవాళ్ళున్నారు. ఆ కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఇప్పుడు వ్యవసాయానికి పగటిపూట తొమ్మిది గంటలు. బోరు రైతుకు ఎండా, కరెంటూ ఒకే వేళకు కలిసొచ్చాయి. చాలా మంచి మార్పు. మరి మనకు? మన రొయ్యకు కావాల్సింది రాత్రి.

నేను తీరం సెక్షన్‌లో ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజినీరుగా చేస్తున్నప్పటి మాట. సంక్రాంతి ముందు, మంచు కాలం. తీరంలో లైన్లకు గండం ఆ కాలమే. సముద్రపు గాలికి ఉప్పు ఎగిరొచ్చి పింగాణీ ఇన్సులేటర్ల మీద పేరుకుంటుంది. పొడిగా ఉన్నంతసేపు ఏమీ కాదు. తెల్లవారుజామున మంచుకు ఆ ఉప్పు తడిసిందంటే కరెంటు దాని మీదుగా పాకుతుంది. చిటపటలు, నీలం మెరుపు, ఫీడర్ ట్రిప్. అంటే సబ్‌స్టేషన్ నుంచి మనకు కరెంటు తెచ్చే లైను దానంతటదే ఆగిపోతుంది. సరిగ్గా ఆ వేళకే గుంటలో ఆక్సిజన్ అడుగంటుతుంది. పగలు ఎండ ఉన్నంతసేపు ప్లాంక్టన్ ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే ప్లాంక్టన్ రొయ్యతో పోటీపడి పీలుస్తుంది. డీవో, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, లీటరుకు మూడు మిల్లీగ్రాముల కిందికి దిగితే రొయ్య పైకి తేలుతుంది. కాలేజీ పిల్లలూ, తప్పు చెబితే ఆపండి.

ఫోన్ వచ్చింది. ఆ రైతు పేరు చెప్పను, ఈ సభలోనే ఉన్నాడు. “సార్, కరెంటు పొయ్యి పావుగంటైంది. జనరేటర్ స్టార్ట్ కాలా. రొయ్య తేలతా ఉంది సామీ.” నేను లైన్‌మన్‌కు ఫోన్ చేస్తే అతను అప్పటికే బండి మీద రోడ్డెక్కాడు. ఆ మంచులో ఏ స్తంభం మీద పేలిందో ఎవరికి కనపడుతుంది? ఏబీ స్విచ్‌తో లైనును రెండుగా విడదీసి సగానికి కరెంటు ఇచ్చాం, నిలబడింది. దోషం రెండో సగంలో ఉంది. ఆ రైతు గుంట కూడా రెండో సగంలోనే.

నేను పోయేసరికి ఆయనా, భార్యా, కొడుకూ మోకాటి లోతు నీళ్ళలో నిలబడి కర్రలతో నీళ్ళను కొడుతున్నారు. నీళ్ళను చిలికితే కాస్తయినా గాలి కలుస్తుందని. పక్క గుంట కాపలా మనిషి ఆక్సిజన్ ట్యాబ్లెట్ల బకెట్ మోసుకొచ్చి చల్లుతున్నాడు. ఆ అమ్మ నన్ను చూసింది, ఒక్క మాట అనలేదు, కొడుతూనే ఉంది. ఎల్సీ, అంటే లైనులో కరెంటు ఆపారన్న అనుమతి తీసుకుని లైన్‌మన్ స్తంభం ఎక్కాడు. నల్లగా మరక పడ్డ ఇన్సులేటర్‌ను గుడ్డతో తుడిచి, పక్కదాన్నీ తుడిచి దిగాడు. ఛార్జి చేశాం. నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు తిరిగాయి. తెల్లారేసరికి గుంట ఒక మూల చచ్చిన రొయ్య తెట్టు కట్టింది. నలభై కౌంట్‌కు, అంటే కిలోకు నలభై తూగే సైజుకు వచ్చిన పంట, వారం పది రోజుల్లో పట్టుబడి. బతికింది ఎంతో ఆ రోజే పట్టి వచ్చిన రేటుకు అమ్ముకున్నారు.

ఇప్పుడు అసలు బాధ చెప్తాను. నెలాఖరు నివేదికలో ఆ రాత్రి ఎలా ఎక్కింది? అంతరాయం, 55 నిమిషాలు. అంతే. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం చెట్టు కొమ్మలు నరకడానికి అదే ఫీడర్ రెండు గంటలు ఆపాం. అది 120 నిమిషాలు. అంటే కాగితం మీద కొమ్మలు నరికిన మధ్యాహ్నమే పెద్ద నష్టం! ఈ సూచికను సైడీ అంటారు. ఏడాదిలో ఒక్కో వినియోగదారుడికి సగటున ఎన్ని నిమిషాలు కరెంటు పోయిందో అది చెప్తుంది. ఏ నిమిషాలు పోయాయో దానికి పట్టదు. నేను ఒక నోట్ పెట్టాను. తీరం ఫీడర్లకు రాత్రి పన్నెండు నుంచి ఆరు దాకా వేరే లెక్క కట్టండి, మంచు కాలానికి ముందే ఇన్సులేటర్లు కడిగించండి, పాలిమర్ ఇన్సులేటర్లు ఇప్పించండి అని. ‘పరిశీలించడమైనది’ అని తిరిగొచ్చింది. ఎవరు పరిశీలించారు, ఏం తేల్చారు, ఒక్క ముక్క లేదు. నేను రిటైరయ్యేదాకా ఆ కాగితం నా సొరుగులోనే ఉంది.

నవ్వకండి. దేశం లెక్క కూడా ఇలాగే ఉంది. 2025 జూన్ నాటికి మన స్థాపిత సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్ కానిదే అని ప్రకటించారు. 2030కి అనుకున్నది ఐదేళ్ళు ముందే వచ్చింది. మెచ్చుకోవాల్సిందే. కానీ సామర్థ్యం సగమైతే, ఏడాది మొత్తం మీద తయారైన యూనిట్లలో దాని వాటా నాలుగో వంతు చుట్టుపక్కలే. రాత్రి మూడింటి లెక్క తీస్తే సోలార్ వాటా ఎంత? సున్నా. మెగావాట్లు లెక్కపెడతారు, యూనిట్లు లెక్కపెడతారు, నిమిషాలు లెక్కపెడతారు. గంటను ఎవరూ లెక్కపెట్టరు. నా ప్రసంగం మొత్తం ఈ ఒక్క ముక్కే.

సరే, మందేమిటి? బ్యాటరీ. అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, రెండు నిమిషాలు ఓర్చుకోండి, ఈ లెక్క చెప్పకపోతే నేను వచ్చి దండగ. 2022లో కేంద్ర ప్రభుత్వ సౌర విద్యుత్ సంస్థ సెకీ వేలంలో రెండు గంటల బ్యాటరీకి మెగావాట్‌కు నెలకు 10 లక్షల 80 వేల పైచిలుకు పలికింది. 2025కి, కేంద్రం ఇచ్చే సాయంతో, 2 లక్షల చుట్టుపక్కలకు దిగింది. రోజుకు ఒకసారి నింపి వాడుకుంటే నెలకు 60 వేల యూనిట్లు. అంటే దాచిపెట్టే ఖర్చు యూనిట్‌కు మూడున్నర రూపాయల లోపే. మధ్యాహ్నం సోలార్ రెండున్నర, మధ్యలో పోయే నష్టం కలిపితే ఆరున్నర లోపే. ఇప్పుడు మీ జనరేటర్ లెక్క తీయండి. లీటరు డీజిల్‌కు మూడు, మహా అయితే మూడున్నర యూనిట్లు. యూనిట్ ముప్పై రూపాయల దగ్గర. రొయ్యల, చేపల సాగుకు గుర్తించిన ఆక్వా జోన్‌లో ఉన్నవాళ్ళకు రూపాయిన్నర కరెంటు అని సంతోషిస్తున్నాం, మంచిదే. ఆ రూపాయిన్నర కరెంటు పోయిన రాత్రి ముప్పై రూపాయల కరెంటు వాడుతున్నాం, అదీ జనరేటర్ స్టార్ట్ అయితే.

ఎకరానికి రెండు టన్నుల రొయ్య అనుకుంటే నాలుగైదు హార్స్‌పవర్ ఏరేటర్లు తిరగాలి. మూడు, మూడున్నర కిలోవాట్లు. తెల్లవారుజామున గండం దాటడానికి నాలుగు గంటలు, పన్నెండు పద్నాలుగు యూనిట్లు. ఇంతే కావాలి. ఈ బ్యాటరీని నలభై కిలోమీటర్ల అవతల పెద్ద సోలార్ పార్కులో పెడితే మన లైను ట్రిప్ అయినప్పుడు మనకు ఒరిగేదేం లేదు. మన 33 కేవీ సబ్‌స్టేషన్‌లో పెట్టినా పూర్తిగా తీరదు, ఎందుకంటే దోషం ఫీడర్ మీద ఉంటుంది. నాలుగైదు గుంటలకు కలిపి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పెట్టాలి. చిన్న బ్యాటరీకి ఖర్చు వేలంలో పలికినదానికంటే ఎక్కువే అవుతుంది, ఆ మాట దాచను. అయినా డీజిల్ కంటే తక్కువలోనే పడుతుంది. సోమశిల దగ్గర పంప్డ్ స్టోరేజీ ప్రతిపాదన ఉంది, నీళ్ళను పైకి తోడిపెట్టి కావాల్సినప్పుడు కిందికి వదిలి కరెంటు తీయడం. అది గ్రిడ్‌కు మంచిది. మంచు రాత్రి తడిసిన ఇన్సులేటర్‌కు అది ఏం చేస్తుంది?

ఇంకొకటి. 2010లో బొగ్గు మీద టన్నుకు 50 రూపాయల సెస్సు వేశారు, స్వచ్ఛ ఇంధనం కోసమని. 2016కి అది 400 అయింది. 2017లో జీఎస్టీ వచ్చాక ఆ డబ్బు రాష్ట్రాల పరిహారానికి మళ్ళింది. 2025 సెప్టెంబరులో సెస్సే తీసేసి బొగ్గు మీద జీఎస్టీ 18 శాతం చేశారు. ఇన్నేళ్ళు ఈ కృష్ణపట్నం రేవులో దిగిన ప్రతి టన్ను మీదా కట్టిన సొమ్ములో కొంతైనా ఈ ఊళ్ళ ఫీడర్లకు తిరిగొచ్చి ఉంటే నేను ఇవాళ ఇక్కడ గొంతు చించుకోవాల్సిన పనిలేదు.

కరేడు నుంచి వచ్చిన వాళ్ళు చేతులెత్తుతున్నారు. చూశాను. సోలార్ పలకల ఫ్యాక్టరీకి మీ భూములు అడిగితే 2025 జూన్‌లో హైవే మీద కూర్చున్నారు. నేను సోలార్ వైపే అన్నానని మీకు కోపం వద్దు. రెండు పంటలు పండే నేలను తీసుకుని దాని మీద ‘స్వచ్ఛ’ అని బోర్డు పెడితే నేను చప్పట్లు కొట్టను. దాని మీద వేరే సభ పెట్టండి, పిలవకపోయినా వస్తాను.

పనిలోకి వద్దాం. కేంద్రం 2023లో టైమ్ ఆఫ్ డే నియమం తెచ్చింది. ఎండ ఉన్న గంటల్లో ధర 10 నుంచి 20 శాతం తక్కువ, పీక్ గంటల్లో ఎక్కువ. వ్యవసాయానికి మినహాయింపు ఉంది. ఆక్వాకు మాత్రం మన టారిఫ్ పుస్తకంలో వ్యవసాయానికి వేరుగా రేటు రాశారు. రేపు ఆ రేట్లు మనకూ వర్తింపజేస్తే పిండిమర అతను పని మధ్యాహ్నానికి మార్చుకుంటాడు. రొయ్యను పగలే ఊపిరి పీల్చుకోమని ఎవరు చెప్తారు? అమెరికా సుంకం 2025 ఆగస్టులో 50 శాతానికి పోయినప్పుడే ఎన్ని గుంటలు ఎండబెట్టారో మీకు తెలుసు. దాని మీద ఇది కూడా పడితే ఇక చేసేదేం లేదు.

కరెంటు పంపిణీ చేసే డిస్కంలు ఏటా నవంబరు నెలాఖరులోగా తమ లెక్కలు రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలికి ఇస్తాయి. తర్వాత పేపర్లో ప్రకటన వస్తుంది, అభ్యంతరాలు అడుగుతారు, బహిరంగ విచారణ పెడతారు. ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా మాట్లాడొచ్చు, వకీలు అక్కర్లేదు. నెల్లూరు వాళ్ళు తిరుపతి డిస్కం మీద రాయాలి, ఒంగోలు వైపు వాళ్ళు విజయవాడ డిస్కం మీద. కిందటి విచారణలకు మన తీరం నుంచి ఎంతమంది పోయారు? చేతులెత్తండి. చూశారా.

ముసాయిదా నేను రాసి తెచ్చాను, ఒకటిన్నర పేజీ. తీరం ఫీడర్లకు అర్ధరాత్రి నుంచి ఆరు దాకా అంతరాయాలు విడిగా ప్రచురించాలి. ఆక్వాను టైమ్ ఆఫ్ డే నుంచి మినహాయించాలి. ఒక్క మండలంలోనైనా ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర బ్యాటరీలు పెట్టి ఒక మంచు కాలం చూడాలి. నా సొరుగులోని నోట్ కూడా జతచేశాను, ఈసారి పరిశీలించినవాళ్ళు పేరు రాసి సంతకం పెట్టేలా. కాగితాలు ఆ చివర బల్ల మీద లైన్‌మన్ తమ్ముడి దగ్గరున్నాయి. మీ సర్వీస్ నంబరు తప్పకుండా రాయండి, అది లేకపోతే లెక్కలోకి తీసుకోరు. నంబరు గుర్తులేనివాళ్ళు ఇంటికి ఫోన్ చేసి బిల్లు మీద చూసి చెప్పమనండి. భోజనాలు ఇంకో పావుగంటకి. సంతకాలు ముందు.