వెబ్‌సైట్‌కి ఎంతవుతాది? మూడేళ్ల లెక్క వేసి చూద్దాం

నమస్తే అన్నా, నమస్తే అక్కా, ఎట్టుండారు అందరూ? నేను నెల్లూరు నుంచి మాట్లాడుతుండా, వేదాయపాళెంలో మా చిన్న ఆఫీసు, వెబ్‌సైట్లు చేసేది మా పని. రోజుకొక ఫోనన్నా వస్తాది నాకు, "అన్నా, వెబ్‌సైట్‌కి ఎంత తీసుకుంటావు" అని. దానికి నేనొక నంబర్ చెప్తే అది సగం జవాబే. మిగతా సగం ఎవురూ అడగరు, చేసేవాళ్లూ చెప్పరు, ఈ వీడియో ఆ మిగతా సగం గురించి.

(స్క్రీన్ మీద: విడవలూరు వైపు రొయ్యల గుంటలు, తిరుగుతున్న ఏరియేటర్లు, అంటే నీళ్లలో గాలి కలిపే మిషన్లు)

మన విడవలూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల సాగు చేసేవాళ్లని ఎవుర్నన్నా అడగండి, గుంటకి ఎంతయ్యింది అంటే తవ్వకం ఖర్చు ఒక్కటి చెప్పి ఊరుకోరు. రొయ్య పిల్లకెంత, మేతకెంత, ఏరియేటర్లు రాత్రంతా తిరిగితే కరెంటు బిల్లెంత, కరెంటు పోతే జనరేటర్‌కి డీజిలెంత, అన్నీ పంట లెక్కలో ఏసి చెప్తారు. తవ్వేది ఒకసారి, మేత రోజూ వెయ్యాల. అదే రైతు కొడుకు సిటీకొచ్చి వెబ్‌సైట్ చేయించుకునేటప్పుడు మాత్రం తవ్వకం రేటు ఒక్కటే బేరమాడి పోతాడు, మేత సంగతి అడగడు, ఏడాది తిరిగేసరికి రెన్యూవల్ బిల్లు చూసి "ఇదేందన్నా, మొన్నే కదా డబ్బులిచ్చింది" అని ఫోన్ చేస్తాడు. తప్పు ఆ అబ్బాయిది కాదు, ముందే కూర్చోబెట్టి చెప్పాల్సింది మేము.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. ఉదయగిరి చెక్క స్పూన్లు తెలుసు కదా, చేత్తో చెక్కి చేసే గరిటెలు, ఫోర్కులు, స్పూన్లు. అక్కడ ఆ పని చేసే ఒక కుటుంబం నుంచి తల్లీకూతుళ్లు మా ఆఫీసుకొచ్చినారు, దాదాపు వంద కిలోమీటర్లు బస్సులో. కూతురు డిగ్రీ అయిపోయింది, సైట్ పెట్టి నేరుగా అమ్ముకుందామని ఆ పిల్ల ఆలోచన. వాళ్లమ్మ మాత్రం అన్నీ విని ఒకే ఒక మాట అడిగింది, "సైట్ చేసినాక మళ్లీ మళ్లీ ఏమన్నా కట్టాలా బాబూ?" అని. ఇన్నేళ్లలో ఆ ప్రశ్న మొదటే అడిగినవాళ్లు నాకు బాగా తక్కువ. అందుకే వాళ్ల లెక్కే మీకూ చెప్తుండా. రేట్లు నేను మామూలుగా వేసుకునేవి, కంపెనీని బట్టి అటూ ఇటూ అవుతాయి, లెక్క పద్ధతి మాత్రం మారదు.

మొదటిది డొమైన్, అంటే సైట్ పేరు. డాట్ కామ్ గానీ డాట్ ఇన్ గానీ ఏడాదికి ఒక 1,000 రూపాయలు వేసుకోండి. 99 రూపాయలకే ఇస్తాం అని యాడ్ వస్తే అది మొదటి ఏడాది రేటు, రెండో ఏడాది రేటు ఎంతో అదే పేజీలో చిన్న అక్షరాలతో ఉంటాది, అది చూసి రాసుకోండి. తెలుగు అక్షరాలతోనే డాట్ భారత్ పేరు కూడా తీసుకోవచ్చు, నాకది శానా ఇష్టం, కానీ ఆ పేరుతో మెయిల్ పెట్టుకుంటే కొన్ని చోట్ల ఫారాల్లో తీసుకోదు, కాబట్టి ప్రస్తుతానికి రెండో పేరుగా పెట్టుకోండి.

డబ్బులు తక్కువే గానీ మనుషులు ఎక్కువ నష్టపోయేది ఈ డొమైన్ కాడే. కావలిలో ఒకాయన, ఫర్నిచర్ షాపు. సైట్ చేసిన అబ్బాయి డొమైన్‌ని తన సొంత జీమెయిల్‌తో కొనేసినాడు, మోసం చేద్దామని కాదు, అప్పటికి అదే సులువు అనుకోని. తర్వాత ఆ పిల్లోడికి బెంగళూరులో ఉద్యోగమొచ్చింది, ఫోన్ నంబర్ మారింది. గడువు తీరేముందు నెల ముందొకసారి, వారం ముందొకసారి డొమైన్ కంపెనీ గుర్తుచేస్తూ మెయిల్ పంపాలని రూలు ఉండాది, పంపే ఉంటారు కూడా, కాకపోతే పోయేది ఆ పిల్లోడి మెయిల్‌కి కదా. ఒక రోజు పొద్దున సైట్ లేదు. డాట్ కామ్‌కి గడువు తీరినాక కొన్ని రోజులు మామూలు రేటుకే రెన్యూవల్ చేసుకోనిస్తారు, అదెన్ని రోజులో కంపెనీని బట్టి, ఆ తర్వాత 30 రోజులు రిడెంప్షన్ అని ఉంటాది, అప్పుడు కావాలంటే మామూలు ఫీజుకి పైన పెద్ద జరిమానా కట్టాల, అదీ దాటితే ఇంకో 5 రోజులకి పేరు బజార్లోకి వచ్చేస్తాది, ఎవురైనా కొనుక్కోవచ్చు. ఈయన నా కాడికి వచ్చేసరికి వేరే ఎవురో కొనేసినారు. షట్టర్ మీద, బిల్లు పుస్తకాల మీద, డెలివరీ ఆటో వెనక, అన్నిటి మీదా ఆ పేరే రాయించుకోని ఉన్నాడు ఆయన. ఆటో వెనక పేరుకి పెయింట్ కొట్టించేటప్పుడు నేను అక్కడే ఉన్నా, ఆయన ఒక్క మాట మాట్లాడలేదు.

కాబట్టి డొమైన్ మీ మెయిల్‌తో, మీ ఫోన్ నంబర్‌తో, మీ కార్డుతోనే కొనండి. చేసేవాళ్లకి పని చేసుకునేంత వరకు పర్మిషన్ ఇస్తే సరిపోతాది. ఆటో రెన్యూవల్ పెట్టినాం కదా అని నిమ్మళంగా కూర్చోవద్దు, 2021 అక్టోబర్ నుంచి ఆర్‌బీఐ రూల్ ప్రకారం కార్డు నుంచి దానంతటదే డబ్బు కట్ అవ్వాలంటే ముందు మీరు బ్యాంకు కాడ మాండేట్, అంటే కట్ చేసుకోవచ్చని అనుమతి, ఇచ్చి ఉండాల, విదేశీ కంపెనీల్లో అది శానాసార్లు సరిగ్గా జరగదు, పేమెంట్ ఫెయిల్ అవుతాది, మనకి తెలీదు. ఫోన్ క్యాలెండర్‌లో నెల ముందు ఒక అలారం పెట్టుకోండి, పైసా ఖర్చు లేదు.

రెండోది హోస్టింగ్, సైట్ ఉండే ఇల్లు, దానికి అద్దె.

(స్క్రీన్ మీద: నెలకి 149 × 48 నెలలు = 7,152. జీఎస్‌టీ 18 శాతం కలిపి 8,439)

"నెలకి 149 మాత్రమే" అని పెద్ద అక్షరాలతో ఉంటాది చూడండి, లోపలికి పోతే ఆ రేటు కావాలంటే నాలుగేళ్లది ఒకేసారి కట్టమంటాడు. 149ని 48 నెలలతో గుణిస్తే 7,152, దాని మీద 18 శాతం జీఎస్‌టీ, చివర్లో బిల్లు 8,439. జేబులో 149 పెట్టుకోని పోయినోడికి గుండె జారిపోతాది. కట్టినాక నాలుగేళ్ల తర్వాత రెన్యూవల్ పాత రేటుకి రెండింతలు మూడింతలు ఉంటాది. నేను మాత్రం లెక్కలో ఎప్పుడూ రెన్యూవల్ రేటే వేస్తా, ఏడాదికి 4,000. డిస్కౌంట్ వస్తే సంతోషం, మిగిలింది అనుకుంటాం. డొమైన్, హోస్టింగ్, మెయిల్, ప్లగిన్ (సైట్‌కి తగిలించే అదనపు సాఫ్ట్‌వేర్) అన్నిటికీ ఈ 18 శాతం పైన పడుతాది, మీకు జీఎస్‌టీ నంబర్ ఉంటే అది మామూలుగా క్రెడిట్‌గా వెనక్కి తీసుకోవచ్చు, లేకపోతే అది మీ ఖర్చే.

ఎస్ఎస్ఎల్ అని, సైట్‌కీ చూసేవాళ్లకీ మధ్య పోయే సమాచారం ఎవురూ చదవకుండా కాపాడేది, కొన్ని బ్రౌజర్లలో అడ్రస్ పక్కన తాళం గుర్తుగా కనపడతాది, దానికని ఏడాదికి మూడు వేలు అడిగేవాళ్లు ఇంకా ఉండారు. చిన్న సైట్లకి లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్ల సర్టిఫికెట్ ఉచితం, చాలా హోస్టింగ్‌లు దాన్ని వాళ్లే పెట్టి వాళ్లే రెన్యూ చేస్తారు. ఆ మూడు వేలు ఎందుకో అడగండి.

సైట్ పేరుతో ఉండే మెయిల్ ఐడీలకి చెన్నై కంపెనీ జోహో లాంటి వాటిల్లో ఒక్కోదానికి నెలకి వంద లోపే అవుతాది, రెండు ఐడీలకి ఏడాదికి 1,500 వేసినా. సైట్ తయారు చేసే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ ఉచితం, దాని మీద షాపు పెట్టే వూకామర్స్ కూడా ఉచితమే, కానీ కొరియర్ రేట్లకి, బిల్లులకి, బ్యాకప్‌కి పెట్టే ప్లగిన్లు ఏడాది లైసెన్సులు, వాటికి 5,000.

తర్వాత మెయింటెనెన్స్, జనం బేరమాడి తీసేయించేది దీన్నే. నెలకి 1,000, ఏడాదికి 12,000. దేనికి అంటే అప్‌డేట్లు చెయ్యాల, చేసినాక ఏదన్నా చెడిపోతే సరిచెయ్యాల, బ్యాకప్ తీసి వేరే చోట దాయాల, ఆర్డర్ ఫారం పని చేస్తుందో లేదో వారానికొకసారి ఎవురన్నా చూడాల. ఒక బట్టల షాపు సైట్ రెండేళ్లు ఎవురూ ముట్టుకోలేదు, ఒక రోజు గూగుల్‌లో ఆ షాపు పేరు కొడితే జూదం పేజీలు వస్తుండాయి, లోపల ఎవురో దూరినారు. బ్యాకప్ లేదు. అది శుభ్రం చేసేదానికి పట్టిన టైం, అయిన డబ్బు, రెండేళ్ల మెయింటెనెన్స్ కంటే జాస్తి అయ్యింది. ఈ పని మీ ఇంట్లో పిల్లలు నేర్చుకోని చెయ్యగలిగితే చేయించండి, తప్పకుండా చేయించండి, కానీ ఫలానావాళ్లు చేస్తారు అని ఒక పేరు రాసి పెట్టుకోండి.

(స్క్రీన్ మీద: మూడేళ్ల పట్టిక)

ఇప్పుడు కూడదాం. 1,000, 4,000, 1,500, 5,000 కలిపితే 11,500, దాని మీద జీఎస్‌టీ 2,070, మెయింటెనెన్స్ 12,000. మొత్తం ఏడాదికి 25,570. సైట్ తయారు చేసేదానికి నేను చెప్పిన రేటు 25,000. అంటే ప్రతి ఏడాదీ ఇంకో సైట్ చేయించినంత! ఫోటోలకి ఒకసారి 6,000 కూడా వేస్తే, మూడేళ్లకి 1,07,710. పాతిక వేల సైట్ అన్నది లక్షా ఏడు వేలు. ఈ కాగితం నేను ముందు పెట్టినప్పుడు ఆ అక్క కాసేపు చూసి, "ఎన్ని స్పూన్లు అమ్మితే ఇది వస్తాది" అని అడిగింది. నిజానికి బడ్జెట్ మొదలయ్యేది ఆ ప్రశ్న కాడి నుంచే.

ఎందుకంటే అమ్మినప్పుడల్లా పోయేది ఇంకొకటి ఉండాది. పేమెంట్ గేట్‌వే, అంటే సైట్‌లో కస్టమర్ కట్టే డబ్బు మనకి చేర్చే కంపెనీ, మామూలుగా 2 శాతం తీసుకుంటాది, ఆ 2 శాతం మీద మళ్లీ జీఎస్‌టీ. 650 రూపాయల సెట్ అమ్మితే 13 రూపాయలు, దాని మీద 2.34, మొత్తం 15.34 పోయినట్టు. క్యాష్ ఆన్ డెలివరీ పెట్టి, తీసుకునేవాళ్లు వద్దని పంపించేస్తే పోను ఛార్జీ, రాను ఛార్జీ రెండూ మనవే.

ఎస్ఎంఎస్‌లు కూడా. ఇది తెలుగులో పంపేవాళ్లు బాగా గమనించాల. ఇంగ్లీషు మెసేజ్‌లో 160 అక్షరాలు పడతాయి, తెలుగులో 70 మాత్రమే, పైగా మన గుణింతాలు, ఒత్తులు విడివిడిగా లెక్క. నెల్లూరు అన్న ఒక్క పదం 8 అవుతాది. "మీ ఆర్డర్ పంపించాము, మూడు రోజుల్లో చేరుతుంది", ఇదొక్కటే 44. దానికి పేరు, ఆర్డర్ నంబర్, లింకు తగిలిస్తే 70 దాటుతాది, రెండు మెసేజ్‌ల డబ్బులు కట్. అలాగని ఇంగ్లీషులో పంపమని నేను చెప్పను, మన కస్టమర్లకి మన భాషలో రావాల్సిందే, కాకపోతే పొట్టిగా రాయండి. ఈ మెసేజ్‌లు పంపాలంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ రూల్ ప్రకారం డీఎల్‌టీలో, అంటే టెలికాం కంపెనీలు నడిపే నమోదు పద్ధతిలో, ముందు రిజిస్టర్ కావాల, దానికి కొన్ని టెలికాం కంపెనీలు ఫీజు తీసుకుంటాయి, అది కూడా అడిగి రాసుకోండి.

ఇంకొక మాట. అందరికీ సైట్ అక్కర్లేదు. ట్రంకు రోడ్డులో మెస్ పెట్టుకున్నాయన నా కాడికి వస్తే నేను సైట్ చెయ్యనని చెప్పినా. ఆయనకి కావాల్సింది చేపల పులుసు ఏ టైంకి ఉంటాదో, మెస్ యాడుందో జనానికి తెలియడం. గూగుల్ మ్యాప్స్‌లో బిజినెస్ ప్రొఫైల్ ఉచితం, టైమింగ్స్ పెట్టుకోవచ్చు, మెనూ ఫోటో పెట్టుకోవచ్చు, ఫోన్ నంబర్ పెట్టుకోవచ్చు. అదే చీమకుర్తిలో గ్రానైట్ ఎగుమతి చేసేవాళ్లకి అయితే సైట్ లేకుండా కుదరదు, ఎక్కడో దేశంలో కూర్చున్న కొనుగోలుదారు ముందు చూసేది సైటే, అక్కడ మెయిల్, ఫోటోలు, స్పీడు మీద ఖర్చు పెట్టాల్సిందే.

ఉదయగిరి వాళ్లకి ఏం చేసినామంటే, షాపు సైట్ పక్కన పెట్టినాం. ముందు వస్తువులు చూపించే కేటలాగ్ సైట్ ఒక్కటి, ఫోటోలు ఆ పిల్లే ఫోన్‌లో తీసింది, తెల్ల గుడ్డ పరిచి పొద్దున ఎండ వాలుగా పడే టైంలో తీసింది, నిజంగా బాగా వచ్చినాయి. ఆర్డర్ వాట్సాప్ బిజినెస్‌లో, డబ్బులు యూపీఐలో, 2020 జనవరి నుంచి బ్యాంకు ఖాతాలో నుంచి కట్టే యూపీఐకి ఎండీఆర్, అంటే డబ్బు తీసుకున్నందుకు వ్యాపారి కట్టే ఛార్జీ, లేదు కాబట్టి ఆ 15.34 కూడా మిగిలింది. తయారీకి 12,000. ఏడాదికి డొమైన్, హోస్టింగ్ జీఎస్‌టీతో 5,900, మెయింటెనెన్స్ నెలకి 500 చొప్పున 6,000, కలిపి 11,900. మూడేళ్లకి 47,700. నెలకి 1,000 చొప్పున బ్యాంకులో ఏడాది ఆర్డీ కట్టమని చెప్పినా, రెన్యూవల్ తేదీకి నెల ముందే అది చేతికొచ్చేటట్టు. నెలకి ముప్పై ఆర్డర్లు దాటి, వాట్సాప్‌లో చూసుకోలేకపోతే అప్పుడు షాపు సైట్ గురించి మాట్లాడదాం అనుకున్నాం.

మీ సైట్‌ది కూడా ఇట్టా మూడేళ్ల లెక్క వేసి చూడండి, ఏ లైనుకి ఎంత వెయ్యాలో తెలీకపోతే కింద రాయండి, మీదేం వ్యాపారం, ఏ ఊరు, ఎన్ని వస్తువులు అనేది కూడా రాస్తే నేను చూసి చెప్తా. ఇప్పటికే సైట్ ఉన్నవాళ్లు మాత్రం ఈ వీడియో ఆపినాక ముందు మీ డొమైన్ ఎవురి మెయిల్ మీద ఉందో కనుక్కోండి.