వెనిజులా మునిగింది ఉచితాల వల్లేనా?

నమస్కారం. మన దగ్గర ఏ కొత్త పథకం ప్రకటించినా కామెంట్లలో ఒకటే మాట: "ఇలా ఉచితాలు పంచితే వెనిజులా అయిపోతాం." ఈ మాట చూసిన ప్రతిసారీ నాకు చిరాకేస్తుంది. అక్కడ పంచింది నిజమే. కానీ పంచడానికి డబ్బు తెచ్చిన చమురు ఉత్పత్తే ఎందుకు కూలిందో ఎవరూ అడగరు.

[తెర మీద: ఒరినోకో మ్యాప్]

చమురు నిల్వల్లో వెనిజులాదే ప్రపంచంలో మొదటి స్థానం. 30,000 కోట్ల బ్యారెళ్ల పైమాటే. అందులో అధిక భాగం ఒరినోకో నదికి ఉత్తరాన ఉన్న పట్టీలో ఉంది. అసలు సంగతి ఇక్కడే. సౌదీ చమురు లేత పాకం అనుకుంటే, ఇది అరిసెల పాకం కన్నా ముదురు. గొట్టంలో పోస్తే కదలదు. నాఫ్తా లాంటి పలుచని ద్రవం కలిపితేనే పారుతుంది. ఆ తర్వాత కూడా ఇంత మందపు సరుకును శుద్ధి చేయగల రిఫైనరీలు తక్కువ. మన జామ్‌నగర్‌లోని రిలయన్స్ వాళ్లది అలాంటిదే, అందుకే ఏళ్ల తరబడి అక్కడి చమురు కొన్నారు.

ముదురు పాకానికి చేయి తిరిగిన మనిషి కావాలి కదా. 2002 డిసెంబరులో ప్రభుత్వ చమురు సంస్థ పీడీవీఎస్‌ఏ ఉద్యోగులు అధ్యక్షుడు చావెజ్ దిగిపోవాలంటూ సమ్మె చేశారు. అది రాజకీయ సమ్మే, ఆయన కోపానికి కారణం ఉంది. కానీ దాదాపు 18 వేల మందిని తీసేశారు! బావుల గుట్టు తెలిసిన ఇంజనీర్లు కొలంబియాకు, కెనడాకు వెళ్లిపోయారు. పొయ్యి ఉంది, బెల్లం ఉంది, పాకం పట్టేవాళ్లు లేరు.

ఆ తర్వాత సంస్థ ఆదాయాన్ని ఆహారానికి, వైద్యానికి, ఇళ్లకు మళ్లించారు. దాన్ని నేను తప్పుపట్టను, పేదరికం నిజంగానే తగ్గింది. బావుల మరమ్మతులకు, కొత్త తవ్వకాలకు మిగల్చకపోవడమే ఘోరమైన తప్పు. 2007లో ఎక్సాన్‌మొబిల్, కొనోకోఫిలిప్స్ అనే అమెరికా చమురు కంపెనీలు కూడా వెళ్లిపోయాయి. చావెజ్ రాకముందు రోజుకు 30 లక్షల బ్యారెళ్లు దాటిన ఉత్పత్తి మెల్లగా జారుతూనే ఉంది. బ్యారెల్ ధర వంద డాలర్లు ఉన్నన్నాళ్లూ ఆ నష్టం బయటికి కనపడలేదు.

టైమ్ తక్కువుంది, మిగతాది త్వరగా చెప్తాను. 2014లో ధర పడటం మొదలై 2016 మొదట్లో 30 డాలర్ల కిందికి వెళ్లింది. ఎగుమతి ఆదాయంలో సుమారు 95 శాతం చమురే. తిండి, మందులు దిగుమతి చేసుకోవడానికి డాలర్లు లేవు. చావెజ్ తర్వాత అధ్యక్షుడైన మదురో ప్రభుత్వం నోట్లు ముద్రించింది. 2018 ద్రవ్యోల్బణం, వాళ్ల కేంద్ర బ్యాంకు లెక్కలోనే, 1,30,000 శాతం. 2008 నుంచి 2021 దాకా మూడు విడతల్లో కరెన్సీలో 14 సున్నాలు కొట్టేశారు.

"అంతా అమెరికా ఆంక్షల వల్లే" అనేవాళ్లకూ ఒక మాట. చమురు మీద నేరుగా ఆంక్షలు పడింది 2019లో. అప్పటికే ఉత్పత్తి సగానికి పైగా పోయింది. అయితే ఆ దెబ్బ చిన్నది కాదు. అమెరికా నుంచి వచ్చే నాఫ్తా ఆగింది, అంటే పాకం పలుచన చేసే నీళ్లూ పోయాయి. 2020లో ఉత్పత్తి రోజుకు 5 లక్షల బ్యారెళ్ల కిందికి పడింది. 70 లక్షల మందికి పైగా దేశం వదిలారు.

విదేశాల్లో చమురు తీసే మన ప్రభుత్వ సంస్థ ఓఎన్‌జీసీ విదేశ్‌కు అక్కడి శాన్ క్రిస్టోబల్ క్షేత్రంలో 40 శాతం వాటా ఉంది. దాని మీద రావాల్సిన డివిడెండ్, అంటే లాభంలో వాటా, ఏళ్ల తరబడి ఎలా ఇరుక్కుపోయిందో వచ్చే వీడియోలో చెప్తాను.