ఈ తరానికి బుర్ర తగ్గిందా? ముందు మార్కుకీ ర్యాంకుకీ తేడా చూద్దాం

[కెమెరా ముందు ప్రెజెంటర్. వెనక తెల్ల బోర్డు, మీద ఇంకా ఏమీ రాయలేదు.]

నమస్తే. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక ఫార్వర్డ్ మాటిమాటికీ తిరుగుతూ ఉంటుంది. "శాస్త్రవేత్తలు తేల్చేశారు, తరతరానికీ మనిషి తెలివి తగ్గిపోతోంది, కారణం ఫోన్లు" అని. దాని కింద ఒక అంకుల్ "మా రోజుల్లో నిద్రలో లేపి అడిగినా ఇరవై ఎక్కాలు చెప్పేవాళ్లం" అని పెడతారు. ఇక వరసగా బొటనవేళ్లు. ఆ మెసేజ్‌లో సగం నిజం ఉంది కాబట్టే నాకు మరీ చిరాకు. పూర్తిగా అబద్ధమైతే డిలీట్ కొట్టి ఊరుకునేవాణ్ణి.

ఐక్యూ అంటే తెలివిని కొలిచే పరీక్షలో వచ్చే స్కోరు, అంతకుమించి సోది పెట్టను. ఒక్కటి గుర్తుపెట్టుకోండి: ఐక్యూ ర్యాంకు లాంటిది, మార్కు లాంటిది కాదు.

[బోర్డు మీద రాస్తూ: మార్కు / ర్యాంకు]

హైదరాబాద్‌లో ఎంసెట్ తెలియని ఇల్లు ఉండదు కాబట్టి దాంతోనే చెప్తాను. మీకు ఎన్ని మార్కులొచ్చాయన్నది మీకూ పేపరుకూ మధ్య వ్యవహారం. ఎంత ర్యాంకొచ్చిందన్నది మీతోపాటు పరీక్ష రాసినవాళ్ల మీద కూడా ఆధారపడుతుంది. తండ్రికి ఇరవై ఏడేళ్ల కింద ఎంసెట్‌లో ఐదు వేల ర్యాంకు, కూతురికి ఇప్పుడు ఈఏపీసెట్‌లో ఐదు వేల ర్యాంకు. ఇద్దరిలో లెక్కలు ఎవరికి బాగా వచ్చు? చెప్పలేం. పేపరు వేరు, బ్యాచ్ వేరు. ఆ తండ్రి మాత్రం "మా అప్పటి ఐదు వేలు వేరమ్మా" అంటాడు, అది వేరే సంగతి.

ఐక్యూ కూడా అలాగే. పరీక్ష తయారుచేసినప్పుడు కొంతమంది చేత రాయిస్తారు. వాళ్ల సగటు ఎంతైనా సరే, దానికి 100 అని పేరు పెడతారు. కొన్నేళ్లకు పరీక్ష పాతబడిందని కొత్త బ్యాచ్‌తో రాయించి మళ్లీ వాళ్ల సగటును 100 చేస్తారు. అంటే ఏ తరం వాళ్లకైనా సొంత పరీక్షలో సగటు 100 దగ్గరే ఉంటుంది. పెరిగిందా తగ్గిందా అన్నది ఆ అంకెను చూసి ఎవడూ చెప్పలేడు.

పాత పేపరు బయటికి తీసి కొత్త బ్యాచ్‌తో రాయిస్తేనే తేలుతుంది. జేమ్స్ ఫ్లిన్ సరిగ్గా అలాంటి లెక్కలే వెతికి పట్టుకున్నారు. న్యూజిలాండ్‌లోని ఒటాగో యూనివర్సిటీలో రాజనీతి శాస్త్రం చెప్పే ప్రొఫెసర్ ఆయన. సైకాలజీ ఆయన సబ్జెక్టే కాదు, నాకు అదే ముచ్చటేస్తుంది. 1984లో అమెరికా లెక్కలు బయటపెట్టారు: 1932 నుంచి 1978 లోపల సగటు దాదాపు 14 పాయింట్లు పెరిగింది. 1987లో 14 దేశాల లెక్కలు తెచ్చారు, అక్కడా పెరుగుదలే. మొత్తం మీద పదేళ్లకు సుమారు 3 పాయింట్లు. దీన్నే ఫ్లిన్ ఎఫెక్ట్ అంటారు.

ఇప్పుడు సంబరపడిపోకండి. ఈ లెక్కనే వెనక్కి తిప్పితే మన ముత్తాతల సగటు ఇవాళ్టి కొలతలో 70 దగ్గర తేలుతుంది. అంటే బుద్ధిమాంద్యం గీత దగ్గర. చెరువులు తవ్వి, తూములు కట్టి, కౌలు లెక్కలు నోటితో తేల్చినవాళ్లు బుద్ధిమాంద్యులా? ఎక్కడో తిరకాసు ఉంది.

తిరకాసు ఎక్కడుందో పేపరును సెక్షన్లుగా విడదీస్తే దొరుకుతుంది. ఎంసెట్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ ఉన్నట్టే పిల్లల ఐక్యూ పరీక్షలోనూ సెక్షన్లుంటాయి. 1947 నుంచి 2002 వరకు అమెరికా పిల్లల లెక్కలు తీసుకోండి.

[బోర్డు మీద: పోలికలు, దాదాపు 24 పాయింట్లు. అంకగణితం, రెండు పాయింట్ల పైచిలుకు.]

పోలికల సెక్షన్‌లో అంత పెరిగి, అంకగణితంలో దాదాపు ఉన్నచోటే ఉన్నారు. మన అంకుల్ చెప్పే ఎక్కాల దగ్గర పెద్దగా పెరిగింది లేదు. ఆ సగం ఆయనకు ఇచ్చేద్దాం.

పోలికల ప్రశ్న ఎలా ఉంటుందంటే: కుక్కకీ కుందేలుకీ పోలిక ఏంటి? ఇప్పటి పిల్లలు "రెండూ క్షీరదాలు" అంటారు, ఫుల్ మార్కులు. వందేళ్ల కిందటి మనిషైతే "కుక్కతో కుందేలును వేటాడతాం" అంటాడని ఫ్లిన్ చెప్పేవారు. ఆ జవాబులో తప్పేముంది? బతుకులో పనికొచ్చేది అదే. మార్కులు మాత్రం పడవు.

రష్యా సైకాలజిస్టు లూరియా 1931, 32లలో ఉజ్బెకిస్తాన్ పల్లెలకు వెళ్లి చదువురాని రైతులను ఇలాంటివే అడిగాడు. "ఉత్తరాన మంచు ఉన్నచోట ఎలుగుబంట్లన్నీ తెల్లగా ఉంటాయి. నొవాయా జెమ్లియా ఉత్తరాన మంచులో ఉంది. అక్కడి ఎలుగులు ఏ రంగు?" ఒక రైతు జవాబు ఏంటంటే, తను నల్ల ఎలుగును చూశాడట, వేరేవి చూడలేదట, ఏ చోటి జంతువులు ఆ చోటివట. కోర్టులో సాక్షిగా పెట్టాలంటే నేను ఈయన్నే పెడతాను. కళ్లతో చూడనిదాని మీద మాట ఇవ్వడు. కానీ ఐక్యూ పేపరు "చూడకపోయినా సరే, వాక్యాన్ని పట్టుకుని తేల్చు" అంటుంది.

ఆ అలవాటు బడి నేర్పుతుంది. మ్యాపులు, దరఖాస్తు ఫారాలు, మెట్రో లైన్ల బొమ్మ, ఫోన్‌లో మెనూలు, ఇవన్నీ నేర్పుతాయి. అంటే గత వందేళ్లలో సమాజం మొత్తం ఒక పెద్ద కోచింగ్ సెంటర్‌లో చేరిపోయింది, ఫీజు కట్టకుండానే. కోచింగ్‌తో ర్యాంకు మెరుగైతే పిల్లవాడి మెదడు కొత్తదైపోయిందని ఎవరూ అనరు కదా. అలాగని ఏమీ నేర్చుకోలేదనీ అనరు.

బేగంబజార్‌లో ఒక హోల్‌సేల్ దుకాణంలో ఇది కళ్లారా చూశాను. గల్లా దగ్గర డెబ్బై దాటిన సేఠ్ పాత క్యాలెండర్ కాగితం వెనక పద్దు రాస్తున్నారు. జీడిపప్పు, ఎండుమిర్చి, ధనియాలు, సోంపు. పెన్సిల్ మొన వరస మీద పైనుంచి కిందికి ఆగకుండా జారింది, అడుగున మొత్తం పడింది. పక్కనే మనవడు ఫోన్‌లో అదే పద్దు ఇంకా కొడుతున్నాడు. కానీ ఆ మనవడే యూపీఐ జమలు, జీఎస్టీ, గోడౌన్ స్టాకు అన్నీ ఒకే షీట్‌లో పెట్టాడు. పోయిన దసరాకి ఏ సరుకు మిగిలిపోయిందో అందులో చూసి ఈసారి ఆర్డర్ తగ్గించాడు. తాతకు చూపిస్తే కళ్లజోడు సర్దుకుని "నువ్వే చూస్కో బేటా" అన్నారు. వీళ్లలో తెలివైనవాడు ఎవరంటే, మీరు ఏ పేపరు ఇస్తారో దాన్నిబట్టి.

సరే, తగ్గుతోందన్న మాట ఎక్కడిది మరి? అది నార్వే నుంచి వచ్చింది, అది నిజమే. అక్కడ సైన్యంలో చేర్చుకునే ముందు కుర్రాళ్లకు ఏటా పరీక్ష పెడతారు. 2018లో బ్రాట్స్‌బర్గ్, రోగెబర్గ్ అనే ఇద్దరు పరిశోధకులు 1962 నుంచి 1991 మధ్య పుట్టిన 7 లక్షల 30 వేల మందికి పైగా కుర్రాళ్ల స్కోర్లు చూశారు. 1975 దాకా పుట్టినవాళ్లలో పెరుగుతూ వచ్చింది, ఆ తర్వాత పుట్టినవాళ్లలో దిగుతూ వచ్చింది. డెన్మార్క్‌లోనూ 1990ల చివర నుంచి తగ్గుదల కనిపించింది.

"చదువుకున్నవాళ్లు పిల్లల్ని తక్కువ కంటున్నారు, అందుకే జాతి తెలివి పడిపోతోంది" అనే పెద్దమనుషులు దీన్ని వెంటనే ఎత్తుకున్నారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే, ఎందుకంటే ఆ పరిశోధన చెప్పింది సరిగ్గా దీనికి ఉల్టా. వాళ్లు అన్నదమ్ములను పోల్చారు. ఒకే ఇల్లు, ఒకే అమ్మానాన్న. ఎవరు ఎంతమందిని కన్నారన్నదే కారణమైతే తేడా ఇంటికీ ఇంటికీ మధ్య కనిపించాలి, ఒకే ఇంట్లో అన్నకీ తమ్ముడికీ మధ్య కాదు. కానీ అన్నదమ్ముల మధ్యే అదే పెరుగుదల, అదే తగ్గుదల కనిపించాయి. అన్నకు ర్యాంకు వచ్చి తమ్ముడికి రాకపోతే వంశాన్ని తిట్టం, ఆ రెండేళ్లలో కాలేజీలో ఏం మారిందో అడుగుతాం. ఇక్కడా అడగాల్సింది అదే: బడి, చదివే అలవాటు, ఖాళీ సమయం ఎటు పోతోంది, ఆ పాత పేపరు ఇప్పటి సిలబస్‌కు సరిపోతోందా.

ఫోన్ల సంగతి తేలిగ్గా తేలిపోతుంది. 1976లో పుట్టినవాడు పరీక్ష రాసింది 1990ల మధ్యలో. మొదటి ఐఫోన్ వచ్చింది 2007లో. ఫోన్ మంచిదని నేను అనట్లేదు, ఈ తగ్గుదలను మొదలుపెట్టింది అది కాదు, అంతే.

[ఎడిటర్ చెయ్యి ఊపుతున్నాడు.]

టైం అయిపోతోంది, మిగతావి గబగబా. అమెరికాలో 2006 నుంచి 2018 దాకా ఆన్‌లైన్‌లో రాసినవాళ్ల స్కోర్లు 2023లో వచ్చాయి. కొన్ని సెక్షన్లలో తగ్గాయి, వస్తువును మనసులో తిప్పి చూసే సెక్షన్‌లో మాత్రం పెరిగాయి. కెన్యా పల్లెల్లో 1984 నుంచి 1998 లోపల చిన్నపిల్లల స్కోర్లు భారీగా పెరిగాయి. మన దేశంలో నిర్బంధ సైనిక సేవ లేదు, నార్వేలా ఏటా ఒకే ఈడు కుర్రాళ్లకు పెట్టే పరీక్ష కూడా లేదు. కాబట్టి "భారతీయుల ఐక్యూ తగ్గింది" అన్న ఫార్వర్డ్ వస్తే, ఏ పేపరు, ఏ బ్యాచ్ అని అడగండి.

పిల్లల మెదడును నిజంగా దెబ్బతీసేవి రెండు చెప్పి ఆపేస్తాను. ఒకటి అయోడిన్ లోపం. మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అయోడిన్‌తో పాటు ఐరన్ కూడా కలిపిన ఉప్పును తయారుచేసింది, అది ఇక్కడి పనే. రెండోది సీసం. పెట్రోల్‌లో దాన్ని 2000లో ఆపేశాం. కానీ ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో అది ఉండకూడనంత ఉందని యూనిసెఫ్ 2020లో చెప్పింది. అందులో ఒక పెద్ద కారణం పాత బ్యాటరీలను ఇళ్ల మధ్య పగలగొట్టి కరిగించడం. ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ పోయిందనుకోండి, పాత సామాన్ల బండికి తూకానికి వెయ్యకండి. కొత్తది కొనే షాపులోనే ఇచ్చేయండి, బిల్లులో కొంత తగ్గిస్తారు కూడా.