ఇంటి అడ్వాన్స్ కూడబెడుతూ మీకు మీరే బహుమతి ఇచ్చుకోవడం ఎలా?

(తెర మీద: మారతహళ్లి పీజీ గది, మంచం మీద తెరిచిన నోట్‌బుక్)

పీజీ ఖాళీ చేసి ఇల్లు తీసుకుందామనుకున్నారు. అద్దె 18,000. ఓనరు పాత బెంగళూరు పద్ధతిలో పది నెలల అడ్వాన్స్ అడిగాడు, అంటే 1,80,000. నెలకు 10,000 దాస్తే ఏడాదిన్నర పడుతుంది. అన్నాళ్లూ నోరు కట్టుకుని ఉండటం కష్టం. ఓ నెల విసుగొస్తుంది, దాచిన దాంట్లోంచే కొత్త ఫోన్ వచ్చేస్తుంది.

అందుకే బహుమతి ఏంటో మొదటి రోజే రాసుకోండి. దాని డబ్బు కూడా విడిగా పోగేయండి.

(తెర మీద: 10,000 + 300)

పదివేలతో పాటు ఇంకో 300 తీయండి. 18 నెలలకు 5,400 అవుతుంది. పదివేలు ఆర్‌డీలో (నెలనెలా ఒకే మొత్తం వేసే రికరింగ్ డిపాజిట్) వేయండి, మధ్యలో తెరిస్తే వడ్డీ తగ్గుతుంది కాబట్టి చెయ్యి అంత తేలిగ్గా పోదు. 300 మాత్రం వేరే సేవింగ్స్ ఖాతాలోకి. మినిమం బ్యాలెన్స్ అక్కర్లేని ఖాతా చూసుకోండి, లేకపోతే ఛార్జీలే తినేస్తాయి. ఎస్‌బీఐ 2020లోనే ఆ నిబంధన తీసేసింది. రెండింటికీ జీతం పడిన మర్నాడే ఆటో డెబిట్ పెట్టండి.

(తెర మీద: అరిటాకు, వేడి అన్నం, కందిపొడి మీద కరుగుతున్న నెయ్యి)

ఐదో నెలలో 45,000 దాటతారు, అంటే పావు వంతు, మొదటి మెట్టు. అప్పుడు 600తో ఆదివారం ఆంధ్రా భోజనం. మొదటి బహుమతి చిన్నదైనా త్వరగా అందాలి, ముందున్న నెలలకు అదే ఓపిక. తొమ్మిదో నెలకు 90,000, అంటే సగం, అప్పుడు 800తో రెండో బహుమతి. మిగిలిన 4,000 తాళాలు చేతికొచ్చాక: రైల్లో మైసూరు వెళ్లి, ఆదివారం సాయంత్రం ప్యాలెస్ దీపాలు చూసి రండి. బకెట్లు, చీపుళ్లు ఈ లెక్కలోకి రావు, అవి ఎలాగూ కొనాల్సినవే. నెలనెలా కట్టాల్సిన ఓటీటీ లాంటివీ వద్దు.

క్రెడిట్ కార్డు జోలికి మాత్రం అసలు పోకండి. మినిమం డ్యూ (బిల్లులో కనీసం కట్టమనే మొత్తం) మాత్రమే కడితే చాలా కార్డుల్లో నెలకు 3 నుంచి 3.75 శాతం వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ. ఆ తర్వాత కొన్న వాటికీ కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. ‘నో కాస్ట్ ఈఎంఐ’లోనూ ప్రాసెసింగ్ ఫీజు చూసుకోండి.

ఒక నెల పదివేలు వేయలేకపోతే బహుమతీ ఒక నెల వెనక్కి జరపండి. మెట్టు ఎక్కాక మాత్రం నాన్చకండి, పది రోజుల్లోపే ఖర్చు పెట్టేయండి. ఆలస్యమైతే ఆ డబ్బు ఆటోలకో కరెంటు బిల్లుకో పోతుంది.