హ్యూస్టన్ బాస్కెట్‌బాల్: ఓడిపోతున్న జట్టులో ఏం చూడాలి, ఎన్నాళ్లు ఆగాలి?

నమస్తే అండీ. ఇప్పుడు స్క్రీన్ మీద కనిపిస్తున్నది యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్ క్యాంపస్‌లోని ఫెర్టిటా సెంటర్. సీట్లు 7,100. అమెరికాలో పెద్ద కాలేజీల హాళ్లతో పోలిస్తే చిన్నదే. షుగర్‌ల్యాండ్, పేర్‌ల్యాండ్, కేటీ వైపుల్లో ఉండే మనవాళ్లకు ఇది దగ్గర. ఇక్కడే ఎమ్మెస్ చదివే మన పిల్లలకైతే హాస్టల్ గది నుంచి నడిచి వచ్చేంత దూరం. ఈ రోజు వీడియోలో ఈ హాలు గురించి కన్నా ఇక్కడ జరిగిన ఒక జట్టు నిర్మాణం గురించి చెప్తాం. ఎందుకంటే మన పిల్లలు చదివే ఏ యూనివర్సిటీ జట్టు ఓడినా మొదట వినిపించే మాట ఒకటే: "ఈ కోచ్‌ని ఎప్పుడు తీసేస్తారు?" ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే గెలుపోటముల పట్టిక ఒక్కటే చాలదు. వేరే లెక్క ఒకటి రాసుకోవాలి.

ముందు కొంచెం చరిత్ర. 1982, 1983, 1984, వరుసగా మూడేళ్లు హ్యూస్టన్ ఫైనల్ ఫోర్, అంటే జాతీయ టోర్నమెంట్‌లో చివరి నాలుగు జట్ల దశ, ఆడింది. కోచ్ గై లూయిస్. ఆ జట్టులో హకీమ్ ఒలాజువాన్, మొదటి రెండేళ్లు క్లైడ్ డ్రెక్స్‌లర్. 1983 ఫైనల్లో నార్త్ కరోలినా స్టేట్ చేతిలో 54-52తో ఓడారు. ఆ తర్వాత అంతా దిగుడే. 1984 తర్వాత ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ) జరిపే ఆ జాతీయ టోర్నమెంట్‌లో ఇంకొక్క ఆట గెలవడానికి 2018 దాకా పట్టింది. ముప్పై నాలుగేళ్లు! ఒక తరం మొత్తం గెలుపు చూడకుండానే డిగ్రీలు పుచ్చుకుని వెళ్లిపోయింది.

2014 ఏప్రిల్‌లో కెల్విన్ శాంప్సన్‌ని తీసుకున్నారు. అప్పటికి ఆయన వయసు 58. 2002లో ఓక్లహోమాని ఫైనల్ ఫోర్‌కి తీసుకెళ్లిన మనిషి. కానీ ఇండియానా యూనివర్సిటీలో ఉండగా, చేర్చుకోవాలనుకున్న ఆటగాళ్లకు చేసిన ఫోన్ కాల్స్ విషయంలో నియమాలు తప్పారని 2008లో ఎన్‌సీఏఏ ఐదేళ్ల ఆంక్ష పెట్టింది. ఆ ఐదేళ్లూ ఎన్‌బీఏలో అసిస్టెంటుగా పనిచేశారు. ఈ సంగతి దాచాల్సిన పని లేదు. కోచ్ పాత చరిత్ర తెలిసి ఓపిక పట్టడం వేరు, తెలియక పట్టడం వేరు.

మొదటి ఏడాది ఫలితం: 13 గెలుపులు, 19 ఓటములు. కాన్ఫరెన్స్‌లో, అంటే ఏటా తమలో తాము ఆడుకునే జట్ల గుంపులో, 4 గెలుపులు, 14 ఓటములు. ఇప్పుడు ఆ అంకెల దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే ఎక్కువ మంది ఓపిక తెగేది సరిగ్గా ఇక్కడే.

శాంప్సన్ డిఫెన్స్ ఎలా ఉంటుందంటే, ప్రత్యర్థి పొడగరి వచ్చి బంతి పట్టుకున్నవాడి కోసం స్క్రీన్ పెట్టగానే, అంటే వాణ్ణి కాసేవాడి దారికి అడ్డంగా నిలబడగానే, మన పొడగరి వెనక్కి తగ్గకుండా ముందుకు దూకి బంతి మీదికి వెళ్తాడు. ఇద్దరు కలిసి ఒక్కణ్ణి సైడ్‌లైన్ వైపు నెడతారు. దీన్ని బ్లిట్జ్ అంటారు. ఇద్దరు ఒకడి మీదికి వెళ్లారంటే వెనక మిగిలిన ముగ్గురే ప్రత్యర్థి నలుగురినీ కాయాలి. బాస్కెట్ కింద ఉన్న మూడోవాడు ఒక్క అడుగు ముందే కదలాలి. ఆ అడుగు అర సెకను ఆలస్యమైతే ఎదుటివాడికి చేతికందే లేఅప్ (రింగు పక్క నుంచే వేసే సులువైన షాట్) దొరుకుతుంది, లేదంటే మూలన ఉన్నవాడికి ఖాళీ త్రీ (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్) దొరుకుతుంది. టీవీలో చూసేవాళ్లకి "ఇంత ఖాళీ వదిలేస్తున్నారేంటి, ఈ పద్ధతే తప్పు" అనిపిస్తుంది. నిజానికి తప్పు పద్ధతిలో లేదు, అలవాటు పడని కాళ్లలో ఉంది. ఐదుగురిలో నలుగురికి వచ్చి ఒక్కడికి రాకపోయినా ఈ డిఫెన్స్ చిల్లుల గంపే. అందుకే మొదటి సీజన్లో పాయింట్లు ధారాళంగా పోతాయి. రెండో సీజన్లో అదే ఆటగాళ్లు ఉంటే, అదే అడుగు వేళకు పడుతుంది.

రీబౌండ్లదీ, అంటే పడకుండా ఎగిరిన షాట్‌ని పట్టుకోవడానిదీ, ఇదే కథ. హ్యూస్టన్ ప్రాక్టీసులో రింగు మీద ప్లాస్టిక్ బుడగ లాంటి మూత బిగిస్తారు. ఏ షాటూ లోపల పడదు, ప్రతిదీ బయటికి ఎగురుతుంది, ప్రతిదాని కోసం కొట్లాడాలి. షాట్ మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నే లేకుండా వెంటనే కదిలే అలవాటు అలా వస్తుంది. షాట్లు పడని రాత్రి కూడా జట్టుని నిలబెట్టేది అదే.

మరి ఇంట్లో కూర్చుని ఈ ఎదుగుదలని ఎలా పట్టుకోవాలి? ఆట అయ్యాక బాక్స్ స్కోర్ తెరవండి, కాలిక్యులేటర్ చాలు. ప్రత్యర్థి తీసిన షాట్ల సంఖ్యలోంచి వాళ్ల అఫెన్సివ్ రీబౌండ్లు (తమ షాట్ పడకపోతే తామే మళ్లీ పట్టుకున్నవి) తీసేయండి. వాళ్ల టర్నోవర్లు (షాట్ తీయకుండానే బంతి పోగొట్టుకున్నవి) కలపండి. ఫ్రీ త్రోలని 0.475తో గుణించి అదీ కలపండి. వచ్చింది పొసెషన్ల సంఖ్య, అంటే వాళ్లకి బంతి దక్కిన వంతులు. ఉదాహరణకి 58 షాట్లు, 10 అఫెన్సివ్ రీబౌండ్లు, 12 టర్నోవర్లు, 20 ఫ్రీ త్రోలు అనుకోండి. 48, దానికి 12 కలిపితే 60, ఇంకో 9.5 కలిపితే 69.5. వాళ్లు 68 పాయింట్లు చేశారంటే వంద పొసెషన్లకి సుమారు 98. వంద పొసెషన్లకి వంద పాయింట్ల లోపు ఇస్తున్నారంటే డిఫెన్స్ నిలబడుతున్నట్టే. "80 పాయింట్లు ఇచ్చారు" అన్న మాటకి ఈ లెక్క లేకుండా అర్థం లేదు. వేగంగా ఆడే జట్టు మీద 80 ఇవ్వడం, నెమ్మదిగా ఆడే జట్టు మీద 65 ఇవ్వడం కన్నా మంచి డిఫెన్స్ కావచ్చు.

రెండో లెక్క మన అఫెన్సివ్ రీబౌండ్లది. మనవి 12, అదే బాస్కెట్ దగ్గర ప్రత్యర్థి పట్టిన డిఫెన్సివ్ రీబౌండ్లు 24 అయితే, మొత్తం 36లో మనకి 12, అంటే మూడో వంతు. ముప్పై శాతం దాటి నిలకడగా ఉంటే ఆ జట్టులో కోచ్ మాట చెల్లుతోందని అర్థం. షాట్లు పడటం ప్రతిభ మీదా అదృష్టం మీదా ఆధారపడుతుంది. రీబౌండ్ కోసం వెళ్లడం మాత్రం రోజూ ఎవరి చేతుల్లో వాళ్లకుండే పని.

ఒక హెచ్చరిక. ప్రత్యర్థి త్రీలు ఎంత శాతం వేశాడన్నది చూసి డిఫెన్స్‌ని తిట్టొద్దు, పొగడొద్దు. ఐదు ఆటల్లో ఆ అంకె ఊగిసలాడుతూనే ఉంటుంది. ఎన్ని త్రీలు వేయనిచ్చారన్నది కొంచెం నమ్మకమైన కొలత. అలాగే నవంబరు, డిసెంబరుల్లో పెద్ద స్కూళ్లు, అంటే యూనివర్సిటీలు, డబ్బిచ్చి చిన్న స్కూళ్లని తమ ఊరికి రప్పించుకుంటాయి. అలాంటి ఆటలతో 9-2 అయిన జట్టుని చూసి సంబరపడిపోతే జనవరిలో గుండె పగులుతుంది. జాతీయ టోర్నమెంట్‌కి జట్లని ఎంచే సెలెక్షన్ కమిటీ చూసేది క్వాడ్ వన్ గెలుపుల్ని. అంటే సొంతూళ్లో నెట్ ర్యాంకింగ్ (ఎన్‌సీఏఏ జట్లకి ఇచ్చే వరస) 1 నుంచి 30 లోపు జట్టు మీద, తటస్థ వేదికలో 50 లోపు, బయటి ఊళ్లో 75 లోపు జట్టు మీద వచ్చిన గెలుపు. బయటి ఊళ్లో 70వ ర్యాంకు జట్టుని గెలవడం సొంతూళ్లో 40వ ర్యాంకు జట్టుని గెలవడం కన్నా ఎక్కువ విలువైనది.

మళ్లీ హ్యూస్టన్‌కి వద్దాం. రెండో ఏడాది 22-10, మూడో ఏడాది 21-11. రెండుసార్లూ పెద్ద టోర్నమెంట్‌కి పిలుపు రాలేదు, ఆ పిలుపు రాని జట్లు ఆడే ఎన్‌ఐటీ టోర్నమెంట్‌తో సరిపెట్టుకున్నారు. పట్టికలో చూస్తే ఒక గెలుపు తగ్గింది కదా, ఆగిపోయినట్టే అనిపిస్తుంది. కానీ లోపల ఎవరున్నారో చూడండి. 2015లో వచ్చిన స్థానిక కుర్రాడు గేలెన్ రాబిన్సన్‌కి మొదటి ఏడాదే బంతి అప్పగించారు. జూనియర్ కాలేజీ (అమెరికాలో రెండేళ్ల కాలేజీ) నుంచి రాబ్ గ్రే, ఆ దారిలోనే తర్వాత కోరీ డేవిస్. పెద్ద పేర్లున్న స్కూళ్లు పట్టించుకోని వాళ్లు. మన దగ్గర అంటు మామిడి పెట్టిన రైతు మొదటి రెండు మూడేళ్లు పూత తుంచేస్తాడు, కాయ నిలిస్తే చెట్టు ఎదగదని. కుర్రాడి చేతికి బంతి ఇచ్చి వాడి తప్పులతో నాలుగు ఆటలు పోగొట్టుకోవడం అలాంటిదే. రాబిన్సన్ నాలుగేళ్లూ ఉన్నాడు. అతని మూడో ఏడాది జట్టు 27 గెలిచింది, అతని నాలుగో ఏడాది 33.

ఇంకో సంగతి, భవనాలు. 2016లో కొత్త ప్రాక్టీస్ హాలు తెరిచారు, దానికి గై లూయిస్ పేరు పెట్టారు. పాత హాఫ్‌హైంజ్ పెవిలియన్‌ని సుమారు 6 కోట్ల డాలర్లతో మార్చి కట్టారు, అదే ఇప్పటి ఫెర్టిటా సెంటర్. అది కడుతుండగా 2017-18 సీజన్‌ని పక్కనే ఉన్న టెక్సస్ సదరన్ యూనివర్సిటీ జిమ్‌లో ఆడారు. సొంతిల్లు లేని ఆ ఏడాదే జట్టు లేచింది! శాన్ డియేగో స్టేట్ మీద 67-65, రాబ్ గ్రే 39 పాయింట్లు, 1984 తర్వాత మొదటి టోర్నమెంట్ గెలుపు. రెండు రోజులకే మిషిగన్ కుర్రాడు జోర్డన్ పూల్ గంట మోగే వేళ త్రీ వేసి 64-63తో ఇంటికి పంపాడు. అభిమానికి అంతకన్నా బాధ ఉండదు. అయినా ఆ రాత్రి హ్యూస్టన్ చేసిన డిఫెన్స్ చూసినవాళ్లకి ఈ జట్టు మళ్లీ వస్తుందని తెలిసిపోయింది.

ఆ తర్వాతిది వేగంగా చెప్పేస్తాం: 2021లో ఫైనల్ ఫోర్, 2023లో బిగ్ 12 అనే కాన్ఫరెన్స్‌లోకి, అక్కడి మొదటి సీజన్లోనే 15-3తో టైటిల్. 2024లో డ్యూక్ మీద ఆడుతుండగా హ్యూస్టన్ ఆటగాడు జమాల్ షెడ్ చీలమండ మెలికపడి, 54-51తో ఓటమి. 2025లో అదే డ్యూక్ మీద చివర్లో వరుసగా 9 పాయింట్లు చేసి 70-67తో ఫైనల్‌కి. శాన్ ఆంటోనియోలో ఫ్లోరిడా మీద రెండో సగంలో 12 పాయింట్లు ముందుండి, 65-63తో ఓడారు. ఆఖరి పొసెషన్లో షాట్ కూడా తీయలేకపోయారు. ఆ పదకొండేళ్లలో జాతీయ ట్రోఫీ రాలేదు. అయినా ఈ ఊళ్లో ఎవరూ ఈ కోచ్ కాలం వృథా అనరు, మేమూ అనం.

ఇక ఎప్పుడు ఆగకూడదో కూడా చెప్పాలి. జార్జ్‌టౌన్ యూనివర్సిటీ తన అతిగొప్ప ఆటగాడు ప్యాట్రిక్ యూయింగ్‌ని 2017లో కోచ్‌గా తెచ్చుకుంది. 2021లో తమ కాన్ఫరెన్స్ అయిన బిగ్ ఈస్ట్ టోర్నమెంట్ అనూహ్యంగా గెలిచారు. మరుసటి ఏడాది కాన్ఫరెన్స్‌లో 0-19. ఆ పై ఏడాది 2-18, అప్పుడు గానీ మార్చలేదు. దానికి ఎదురు ఉదాహరణ డ్యూక్‌లో కోచ్ మైక్ షెషెవ్‌స్కీ: మొదటి మూడేళ్లలో 38-47, 1983లో వర్జీనియా చేతిలో 109-66 ఓటమి. అథ్లెటిక్ డైరెక్టర్ టామ్ బటర్స్ కదలలేదు. తేడా ఎక్కడ? డ్యూక్‌లో ఆ ఓటముల జట్టులో ఫ్రెష్‌మెన్, అంటే మొదటి ఏడాది కుర్రాళ్లు, ఆడుతున్నారు, వాళ్లు నిలిచారు, మరుసటి ఏడాదే టోర్నమెంట్‌కి వెళ్లారు. జార్జ్‌టౌన్‌లో ఆటగాళ్లు ఏటా వెళ్లిపోయారు, ప్రతి నవంబరూ మొదటి నవంబరే అయ్యింది. మా అభిప్రాయంలో మూడో సీజన్ ముగిసేసరికి డిఫెన్స్ లెక్క, రీబౌండ్ లెక్క రెండూ కదలకపోతే, నిమిషాలు ఎక్కువ ఆడినవాళ్లలో సగానికి పైగా ఏటా సర్దుకుని పోతుంటే, మార్పు కోరడం అన్యాయం కాదు.

ఈ గడియారం ఇప్పుడు ఇంకా వేగంగా తిరుగుతోంది. ఒకప్పుడు స్కూలు మారితే ఏడాది ఖాళీగా కూర్చోవాలి. 2021లో ఒక్కసారికి ఆ షరతు ఎత్తేశారు, 2024 నుంచి చదువులో నిలబడి ఉంటే ఎన్నిసార్లయినా మారి వెంటనే ఆడొచ్చు. 2025-26 నుంచి యూనివర్సిటీ నేరుగా ఆటగాళ్లకి డబ్బివ్వొచ్చు, ఆ మొదటి ఏడాదికి అన్ని ఆటలకీ కలిపి 2.05 కోట్ల డాలర్ల దాకా. ఫుట్‌బాల్ ఉన్న స్కూల్లో అందులో పెద్ద వాటా అటే పోతుంది. కాబట్టి మీ కోచ్ ఓడుతున్నాడంటే, బాస్కెట్‌బాల్‌కి ఎంత మిగిలిందో కూడా అడగండి. కోచ్‌ని మధ్యలో తీసేస్తే ఒప్పందంలో మిగిలిన జీతం, అంటే బయౌట్, కట్టాలి. ఆ డబ్బు చాలాసార్లు తర్వాతి కోచ్ ఆటగాళ్లని తెచ్చుకునే సొమ్ముకే గండి కొడుతుంది. కోపంతో అరిచే ముందు ఇది గుర్తుంటే బాగుంటుంది.

చూడాలనుకునేవాళ్లకి: పేర్‌ల్యాండ్ నుంచి 288, షుగర్‌ల్యాండ్ నుంచి 59, డౌన్‌టౌన్ నుంచి మెట్రో పర్పుల్ లైన్. సంచి తెస్తే లోపల ఏముందో కనబడేదే తెండి. కాలేజీ ఆట 20 నిమిషాల చొప్పున రెండు సగాలు, షాట్ క్లాక్ 30 సెకన్లు. మొదటిసారి వచ్చేవాళ్లు నవంబరులో వారం మధ్యలో ఉండే ఆట ఎంచుకోండి, రద్దీ తక్కువ. కాస్త పైవరసలో, బాస్కెట్ వెనక కూర్చోండి. అక్కడి నుంచి బంతిని వదిలేసి ఆ మూడోవాడి పాదం చూడండి, స్క్రీన్ పడకముందు కదిలిందా, పడ్డాక కదిలిందా అని. సగంలో మిగిలిన సమయం 16, 12, 8, 4 నిమిషాల కిందికి వచ్చాక ఉండే టీవీ విరామాల్లో మీ పుస్తకంలో గీత పెట్టుకోండి, వేళకి కదిలితే ఒక వైపు, ఆలస్యమైతే ఇంకో వైపు. క్రిస్మస్ సెలవులకి మీ దగ్గర పది ఆటల లెక్క ఉంటుంది. జనవరిలో కాన్ఫరెన్స్ ఆటలు జోరందుకోగానే కొత్త పేజీ తిప్పండి, పాతదాని పక్కనే.