శీతకాలపు సెలవుల్లో రాజమహేంద్రవరం

శ్రోతలకు నమస్కారం.

డిసెంబరు సెలవుల్లో రాజమహేంద్రవరానికి వచ్చే యాత్రికుల్లో చాలామందికి ఆ ఊరు పాపికొండల లాంచీ ఎక్కేముందు ఒక రాత్రి తలదాచుకునే మజిలీ మాత్రమే. రైలు దిగి పడుకుంటారు, తెల్లవారి రేవుకు వెళ్లి లాంచీ ఎక్కుతారు, సాయంత్రం తిరిగివచ్చి మళ్లీ రైలెక్కేస్తారు. పాపికొండలు తప్పక చూడవలసినవే, కాదనను. అయితే అది ఒక్క రోజుతో తీరిపోయే పని. మిగిలిన సెలవులను ఊరికీ, ఊరి దిగువన ఉన్న కాలువలకూ కేటాయించడం మేలని నా అభిప్రాయం. ఎందుకంటే గోదావరి నీరు పంటగా, పూలుగా, చివరకు పిండివంటగా మారే తీరు కనబడేది అక్కడే.

శ్రావణ భాద్రపదాల్లో ఎర్రనీటితో ఒడ్డులొరసి పారిన నది మార్గశిరం వచ్చేసరికి తేటపడి, పుష్కరాల రేవు ముందు పెద్ద చెరువులా నిలిచి ఉంటుంది. ఈ నిలకడ నదికి స్వతహాగా వచ్చినది కాదు. దిగువన ధవళేశ్వరం దగ్గర బ్యారేజీ తలుపులు దించి నీటిని నిలిపినందువల్లనే ఎండాకాలం దగ్గరపడుతున్నా ఊరి ముందు నది నిండుగా కనిపిస్తుంది. పొద్దున్నే రేవుకు వెళితే పొగమంచులో వంతెన ఆనవాలు కూడా తెలియదు. రైలు చప్పుడు ముందు వినబడుతుంది, ఆ తరువాత ఇంజను దీపం, ఎండ కాస్త ఎక్కాక కమాను వంతెన ఒక్కొక్క వంపూ బయటపడతాయి. దాని పక్కనే ఉన్న పాత వంతెన పేరు హేవలాక్ వంతెన. కాశీలో గంగమీద వంతెన కట్టిన వాల్టన్ అనే ఇంజనీరు 1897లో దీని పని మొదలుపెట్టగా, 1900లో రైళ్లు నడిచాయి. సుమారు నూరేళ్లు బరువు మోసి 1997లో విశ్రాంతి తీసుకున్న ఈ కట్టడాన్ని విహారస్థలంగా మారుస్తామన్న మాట ఏళ్ల తరబడి వినబడుతూనే ఉంది. ఎగువన 1974లో ప్రారంభమైన రోడ్డు, రైలు వంతెన ఉంది. దానిమీద బస్సులో వెళ్లేటప్పుడు కిటికీ పక్కన చోటు దొరికితే వదులుకోకండి.

ఎండ ముదిరిన వేళ దామెర్ల రామారావు చిత్రశాలకు వెళ్లవచ్చు. 1897లో ఈ ఊళ్లోనే పుట్టిన రామారావు, ఇక్కడి కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి వెళ్లి చిత్రకళ అభ్యసించి, 1925లో మశూచితో కన్నుమూశాడు. ఇరవై ఎనిమిదేళ్లైనా నిండని ఆ జీవితంలో అంత పని ఎప్పుడు చేశాడో అనిపిస్తుంది. వీరేశలింగం గారి ఇల్లు కూడా ఊళ్లోనే ఉంది. ఆయన మొదటి వితంతు వివాహం జరిపించినది కూడా శీతకాలంలోనే, 1881 డిసెంబరు 11వ తేదీన.

ఒక పూర్తి రోజు మాత్రం ధవళేశ్వరానికి ఇవ్వాలి. 1830లలో వచ్చిన కరువులూ, 1839 నాటి ఉప్పెనా గోదావరి జిల్లాను చితకబొడిచిన తరువాత, ఆర్థర్ కాటన్ 1847లో ఇక్కడ ఆనకట్ట పని మొదలుపెట్టి 1852లో పూర్తిచేశాడు. నదీగర్భంలో రాతి పునాది అందని చోట ఇసుకమీదనే కట్టడం నిలబెట్టవచ్చునన్న ధైర్యం ఆయనకు కావేరిమీద చోళుల నాటి కల్లణై ఆనకట్టను చూసి వచ్చింది. రాయి ధవళేశ్వరం కొండనుంచే వచ్చింది. నేడు మనం చూసే బ్యారేజీ పాత ఆనకట్ట స్థానంలో తరువాతి కాలంలో కట్టినది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా, 175 తలుపులతో ఉంటుంది. దానిమీద నిలబడి చూస్తే ఒకవైపు అంచులదాకా నీరు, మరొకవైపు ఇసుక తిన్నెలు, వాటి మధ్య పాయలుగా చీలిన నది. ఆగిన నీరు కాలువల్లోకి తిరిగి దాళ్వా వరికి, అంటే రెండో పంటకు వెళ్తుంది. అన్నట్టు, ఈ శీతకాలపు రోజుల్లో ఎవరైనా పులస చేప పులుసు పెడతామంటే నమ్మకండి. పులస వరదనీటితో పాటు వచ్చేది.

తూర్పు కాలువ వెంట వెళితే కడియం నర్సరీలు వస్తాయి. చామంతి, బంతి విరగబూసే కాలం ఇది. కడియపులంకలో తెల్లవారుజామున పూల బేరాలు సాగుతుండగానే, పక్కన మడుల్లో ఆడవాళ్లు వరుసగా కూర్చుని చిన్న చిన్న సంచుల్లోకి మట్టీ ఎరువూ నింపి మొక్కలు నాటుతుంటారు. అక్కడినుంచి మొక్కలు లారీలకెక్కి ఇతర రాష్ట్రాలకు పోతాయి.

బ్యారేజీ దాటి బొబ్బర్లంక మీదుగా కోనసీమలోకి దిగితే ఆత్రేయపురం వస్తుంది. పూతరేకులు అంగట్లో కొనుక్కోవడమే కాక, రేకు తీసే చోటు కూడా చూడండి. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట, పక్కన పలుచని బియ్యప్పిండి జారు. అందులో ముంచిన గుడ్డను రెండు చేతులా పట్టి కుండ వీపుమీద పరచి లాగగానే పొర అంటుకుని, క్షణంలో ఆరి, అంచు లేస్తుంది. ఆ అంచు పట్టి చిరగకుండా తీయడంలోనే ఉంది నేర్పంతా. ఆపైన నెయ్యి, బెల్లం పొడి వేసి మడతపెడతారు. ఊరికి తెచ్చుకోదలచినవారు అట్టపెట్టెలో సర్దించుకుని రైల్లో సామాన్లన్నిటికీ పైన పెట్టుకోవాలి. లేకపోతే ఇంటికి చేరేది పొడి మాత్రమే.

చివరగా ఒక సూచన. ధనుర్మాసం మొదటి రెండు వారాలు ఈ ప్రయాణానికి అన్నివిధాలా అనుకూలం. సంక్రాంతి దగ్గరపడిన కొద్దీ హైదరాబాదునుంచి వచ్చే రైళ్లలో, బస్సుల్లో చోటు దొరకదు, ఊళ్లో గదుల అద్దెలు పెరుగుతాయి. పండుగ కూడా చూసి వెళ్లాలనుకునేవారు రిజర్వేషను తెరిచిన రోజునే రానూపోనూ టిక్కెట్లు రెండూ కొనుక్కోవాలి.

నమస్కారం.