పద్నాలుగున్నర గంటల ఆదివారం

శ్రోతలకు నమస్కారం.

మా పెద్దమ్మ మనవడు ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లాడు. బయలుదేరేది ఆదివారం తెల్లవారుజామున 4 గంటలకు, చేరేది అదే ఆదివారం ఉదయం 6 గంటలకు అని టికెట్టులో ఉంది. పెద్దమ్మ కళ్లద్దాలు సవరించుకుని చూసి, "రెండు గంటల్లో అమెరికానా! మన ఊరి నుంచి బెజవాడకే మూడు గంటలు పడుతుందే" అన్నది.

నవ్వకండి. ఆ దారి సంగతే విచిత్రం.

ఒక బత్తాయి పండు మీద ఢిల్లీకి ఒక చుక్క, శాన్‌ఫ్రాన్సిస్కోకు ఒక చుక్క పెట్టి దారం బిగించి పట్టుకోండి. దారం నడుము మీద నిలవదు, జారి తొడిమ దగ్గరకు పోతుంది. ఆ తొడిమే ఉత్తర ధ్రువం. అలా కొలిస్తే దూరం సుమారు 12,400 కిలోమీటర్లు. కానీ విమానం దారం కాదు కదా, దానికి గాలితో పని.

2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా ఈ విమానానికి దారి మార్చింది. అంతకుముందు పడమటి దిక్కుగా, అట్లాంటిక్ మీదుగా సుమారు 13,900 కిలోమీటర్లు వెళ్లేది. కొత్త దారి తూర్పుగా, పసిఫిక్ మీదుగా సుమారు 15,300 కిలోమీటర్లు. అంటే 1,400 కిలోమీటర్లు ఎక్కువ. మరి పట్టిన సమయం? పద్నాలుగున్నర గంటలు. పాత దారికన్నా దాదాపు రెండు గంటలు తక్కువ! మళ్లీ చెబుతున్నాను: దూరం ఎక్కువ, సమయం తక్కువ.

పదీ పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు వీచే బలమైన గాలులుంటాయి. జెట్ స్ట్రీమ్ అంటారు. పడమరకు పోతే ఎదురుగాలి, తూర్పుకు పోతే వెన్నుగాలి. గోదావరిలో పడవ నడిపేవాళ్లకు ఇది చెప్పనక్కరలేదు. నన్నడిగితే, దూరాన్ని కిలోమీటర్లలో చెప్పడం విమానాల విషయంలో సగం మాటే.

ఇంకో తమాషా. పసిఫిక్ నడుమ దినరేఖ, అంటే తేదీ మారే ఊహా గీత, దాటగానే ఆదివారం కాస్తా శనివారమవుతుంది. తర్వాత అర్ధరాత్రి దాటి, మళ్లీ ఆదివారంలోకి వచ్చి దిగుతారు.

సరే, పనికొచ్చే మాట ఒకటి. టికెట్టు మీది రెండు సమయాలనూ నేరుగా తీసివేయకండి. అవి రెండు వేర్వేరు గడియారాలు. ముందు అక్కడి సమయాన్ని మన సమయంలోకి మార్చండి. శాన్‌ఫ్రాన్సిస్కో అయితే వేసవిలో పన్నెండున్నర గంటలు కలపాలి, చలికాలంలో పదమూడున్నర. వాళ్లు ఏడాదికి రెండుసార్లు గడియారం మారుస్తారు, అక్కడే మనం తప్పటడుగు వేస్తాం. మనవడు వెళ్లింది వేసవిలో కనుక ఉదయం 6 గంటలకు పన్నెండున్నర కలిపితే మనకు సాయంత్రం 6.30. తెల్లవారుజాము 4 నుంచి లెక్కపెట్టండి, పద్నాలుగున్నర వస్తుంది.

పెద్దమ్మకు ఇదంతా చెప్పాను. ఆవిడ క్యాలెండరులో పాల లెక్క పక్కన "సాయంత్రం ఆరున్నర" అని రాసుకున్నది. ఆరింటి నుంచే ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది.